అరాజకవాదము – ప్రజాప్రభుత్వము

"అరాజకము" అను మాట చెవిని పడగానే తెలుగువాని మనస్సునకు దోపిడి, దొమ్మి, దిక్కులేనితనము స్ఫురించును. ఇది నేడు పుట్టిన భయము కాదు. దశరథుని మరణానంతరము రాజులేని దేశమున కలుగు కీడులను వాల్మీకి అయోధ్యాకాండమున ఒక సర్గమంతయు వర్ణించియున్నాడు. దండము లేనిచోట పెద్దచేప చిన్నచేపను మ్రింగు మత్స్యన్యాయము ప్రబలునని కౌటిల్యుడు హెచ్చరించెను. అయినను శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు మరియొక సంగతియు బోధించియున్నాడు. ఆదియుగమున రాజుగాని రాజదండముగాని లేకయే ప్రజలు ధర్మమును బట్టి పరస్పరము కాపాడుకొనుచుండిరట. కావున రాజ్యము లేని లోకమును గూర్చిన భయమును, ఆశయు, రెండును మన సంప్రదాయమున ప్రక్కప్రక్కనే యున్నవి.

ఈ ప్రాతచర్చను మరల ఎత్తుటకు కారణము కలదు. ఎన్నికలలో ధనప్రవాహమును, గెలిచినవారి పార్టీ ఫిరాయింపులను, కచేరీలలో లంచముల బాధను కన్నులార చూచుచున్న విద్యావంతులు కొందరు "ఈ ప్రభుత్వమే లేకున్న మేలు" అని నిట్టూర్చుచున్నారు. అట్లు విసిగినవాని యెదుట రెండు త్రోవలు కనబడును. ఒకటి, సర్వాధికారములు గల ఏకనాయకుని కోరుకొనుట. రెండవది, అధికారమనునదే వలదనుట. మొదటి త్రోవ యెచ్చటికి చేర్చునో ఇరువదవ శతాబ్ది చరిత్ర తెలిపినది. రెండవదానిని మాత్రము మనవారు పరిహాసముతో త్రోసివేయుటయే కాని పరీక్షించుట అరుదు. పరీక్షింపకుండ త్రోసివేసిన సిద్ధాంతము యువకుల మనస్సులలో ఆకర్షణము కోల్పోదు. కావున దానిని సాదరముగనే విచారింతము.

అరాజకవాదులు కోరునది కట్టుబాటు లేని సంఘము కాదు. పాలకుడు లేని సంఘము. 1840లో ఫ్రాన్సున ప్రూధాన్ ఆస్తిని గూర్చిన తన గ్రంథమున తన్ను తాను అరాజకవాదిగా చాటుకొనెను. రష్యాదేశీయుడగు బకూనిన్ ఆ సిద్ధాంతమునకు విప్లవోద్యమ రూపమిచ్చెను. రాజవంశీకుడై పుట్టియు ఆ బిరుదమును త్యజించిన క్రొపాట్కిన్, జీవకోటి కేవలము పోరాటముచేతనే కాక పరస్పర సహాయముచేతను వర్ధిల్లుచున్నదని 1902లో వెలువడిన తన గ్రంథమున నిరూపింప యత్నించెను. గ్రామములు, వృత్తిసంఘములు, కర్మాగారములు తమంతట తాము ఒడంబడికలు చేసికొని సమాఖ్యలుగా కలిసినచో పోలీసు, సైన్యము, కారాగారము లేకయే లోకము నడుచునని వీరి వాదము. మదరాసున జన్మించి, 1920లో తాష్కెంటునందు భారత కమ్యూనిస్టు పార్టీని స్థాపించినవారిలో నొకడైన ఎం.పి.టి. ఆచార్య పిదప ఈ మతమునే అవలంబించెను. గాంధీమహాత్ముడు సైతము 1916లో కాశీ విశ్వవిద్యాలయ ప్రారంభోత్సవ సందర్భమున తానును ఒక విధమగు అరాజకవాదినే అని పలికి సభను నివ్వెరపరచెను. ప్రతివాడును తన్ను తాను పాలించుకొనగల స్థితిలో రాజ్యాధికారమే అనవసరమని ఆయన 1931లో వ్రాసెను. కాని ఆ వ్యాసముననే, ఆదర్శము సంపూర్ణముగా సిద్ధించుట లోకమున జరుగదని కూడ చేర్చెను. ఆ రెండవ మాటను మరువక ముందుకు సాగుదము.

అరాజకవాదుల విమర్శలో సత్యమెంతయో కలదు. కార్మికుల పేరిట స్థాపింపబడు నియంతృత్వము తుదకు కార్మికులపైననే స్వారి చేయునని బకూనిన్ 1873 నాటికే వ్రాసెను. 1917లో రష్యాలో విప్లవము వచ్చెను. 1921 మార్చిలో క్రాన్‌స్టాట్ నౌకాదళ కార్మికులు స్వేచ్ఛగా సోవియట్ ఎన్నికలు జరుపుడని కోరగా విప్లవప్రభుత్వమే వారిని ఫిరంగులతో అణచివేసెను. రాజ్యాధికారమును గూర్చి బకూనిన్ పలికిన జోస్యము ఆతని ప్రతిపక్షులు పలికిన జోస్యములకంటె సత్యమయ్యెను. మన దేశమునందును 1943లో వంగదేశమున ఇరువది ముప్పది లక్షలమంది క్షామమునకు బలియైనప్పుడు ప్రభుత్వము లేకపోలేదు. సైన్యము, ఖజానా, రైళ్లు అన్నియు గల ప్రభుత్వమే యుండెను. అధికారమున్నంత మాత్రమున ప్రజలకు రక్షణ కలుగదనుటకు ఇంతకు మించిన నిదర్శనము వలదు. కాని ఒక సిద్ధాంతము ఇతరుల దోషములను చక్కగా చూపినంతనే తాను నిర్దోషమని తేలదు. దానిని ఆచరించినవారి చరిత్రను చూడవలెను.

అట్టి చరిత్రలో ముఖ్యమైనది స్పెయినుదేశమునది. 1910లో బార్సిలోనాలో పుట్టిన సి.ఎన్.టి. అను కార్మిక సమాఖ్యలో లక్షలాది శ్రామికులు అరాజకవాదమును జీవనధర్మముగా చేసికొనియుండిరి. 1936 జూలైలో సేనానులు రిపబ్లికు ప్రభుత్వముపై తిరుగుబాటు చేయగా, 19వ తేదీన బార్సిలోనా వీథులలో వారినెదిరించి ఓడించినవారిలో అగ్రగణ్యులు ఈ శ్రామికులే. నగరము వారి చేతులలో పడెను. ట్రాములు కొలది దినములలోనే మరల నడచెను. నడపినవారు ఆ పనివారే. మిల్లులు, హోటళ్లు, క్షౌరశాలలు సైతము సమష్టి యాజమాన్యమునకు వచ్చెను. ఆరగాను ప్రాంతమున వందలాది గ్రామములలో రైతులు భూములను, పశువులను, పనిముట్లను కలిపి సేద్యము సాగించిరి. కొన్ని గ్రామములు ద్రవ్యమునే రద్దుచేసి చీటీలతో సరుకులు పంచుకొనెను. పాలకుడు లేనిచో పని ఆగిపోవుననెడి వాదమునకు ఇది గట్టి సమాధానము. నిష్పక్షపాతులు దీనిని ఒప్పుకొనక తప్పదు.

కాని తరువాత జరిగినదేమి? బార్సిలోనాలో అధికారము తమ పాదములకడ పడియుండగా అరాజకవాద నాయకులు విషమసమస్యలో చిక్కిరి. దానిని చేపట్టినచో తామే పాలకులగుదురు. చేపట్టకున్న ఇతరులు చేపట్టుదురు. వారు ఇతర పక్షములతో కలిసి సాయుధదళముల సంఘమొకటి ఏర్పరచిరి. అది పేరునకు సంఘమే కాని ఆజ్ఞలిచ్చుటలో ప్రభుత్వమే. 1936 నవంబరు మొదటివారమున వారిలో నలువురు మంత్రిపదవులు స్వీకరించిరి. జీవితమున బహుకాలము చెరసాలలలో గడపిన గార్సియా ఒలివర్ న్యాయమంత్రి అయ్యెను. ఫెదెరికా మోంత్సెనీ ఆరోగ్యశాఖకు మంత్రిణి అయ్యెను. మంత్రులే వలదన్నవారు మంత్రులైరి! దీనిని ద్రోహమని నిందించుట సులభము. నిజమునకు అది అవసరము యొక్క బలము. శత్రువు ద్వారమున నిలిచినప్పుడు ఎవడు ఎచ్చటికి పోవలెను, ఉన్న తుపాకులు ఎవరికీయవలెను, ధాన్యము మొదట ఏ నగరమునకు చేరవలెను అను ప్రశ్నలకు ఒకచోట నిర్ణయము, ఆ నిర్ణయమునకు విధేయత తప్పలేదు. 1937 మే నెలలో అదే బార్సిలోనాలో అరాజకవాదులకును, కమ్యూనిస్టులు బలపరచిన ప్రభుత్వ బలములకును వీథిపోరు జరిగి వందలమంది కూలిరి. ఆగస్టులో ఆరగాను మండలిని ప్రభుత్వము రద్దుచేసి, సైన్యమును పంపి, అనేక సమష్టిక్షేత్రములను విచ్ఛిన్నము చేసెను. 1939 ఏప్రిలు 1 నాటికి ఫ్రాంకో జయించి అందరిని అణచెను.

మన రైతుపెద్దలు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి ఆరగానునందు మరియొకటి కలదు. సమష్టిలో చేర నొల్లని రైతునకు తన కుటుంబము స్వయముగా దున్నుకొనగల భూమి విడిచిపెట్టవలెనని చాలచోట్ల నియమము. కొన్ని గ్రామములు దీనిని పాటించెను. కాని తుపాకి ధరించిన దళములు గ్రామమున విడిసియుండగా ఎవడు మనఃపూర్తిగా చేరెనో, ఎవడు ప్రాణభీతిచే చేరెనో చెప్పువారెవరు? అన్యాయము జరిగినదని మొరపెట్టుకొనుటకు ఆ గ్రామసభకు పైన న్యాయస్థానమేది? ఇరుగుపొరుగువారు మంచివారైన గ్రామమున ఆ రైతు సుఖముగానుండెను. కానిచోట ఆతనికి దిక్కులేకపోయెను. మనుష్యుని స్వేచ్ఛ పొరుగువాని స్వభావముపై ఆధారపడియుండుట స్వేచ్ఛ కాదు, అదృష్టము.

అది యుద్ధకాలము, దానినిబట్టి సిద్ధాంతమును నిర్ణయింపరాదని కొందరందురు. సరే, శాంతికాలపు ఉదాహరణమును చూతము. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెనునందు 1971లో కొందరు యువకులు విడిచిపెట్టిన సైనికవసతులను ఆక్రమించి క్రిస్టియానియా అను స్వతంత్రనగరమును నెలకొల్పిరి. సుమారు వేయిమంది నివాసులు, పాలకుడు లేడు, సర్వసమ్మతి లేక ఏ నిర్ణయమును లేదు. అర్ధశతాబ్దికి మించి అది నిలిచియుండుట సామాన్యము కాదు. కాని ఆ సర్వసమ్మతి ఒక్క వీథిలో పాగావేసిన గంజాయి వర్తకుల ముఠాలను తొలగింపజాలలేదు. ఏలయన, ముఠా యెన్నటికిని సమ్మతింపదు! 2023 ఆగస్టులో అచ్చట కాల్పులు జరిగి ప్రాణనష్టము కలిగిన పిమ్మట నివాసులే ప్రభుత్వ సహాయమును కోరిరి. 2024 ఏప్రిలులో తమ చేతులతోనే ఆ వీథిరాళ్లను పెకలించిరి. అంతకు ముందు 2012లో తమ నివాసస్థలము స్థిరపడుటకు వారే ఒక నిధిని నెలకొల్పి, ప్రభుత్వమునకు పైకమిచ్చి భూమిలో అధికభాగమును కొనుక్కొనిరి. రాజ్యమును ఒప్పుకొననివారికి కూడ తుదకు రాజ్యమిచ్చు క్రయపత్రమే రక్షణమయ్యెను.

ఇక మన దేశపు అనుభవమును చూతము. చెరువుక్రింద సేద్యము చేయువారికి పరస్పర సహాయమనగా నేమో పుస్తకములు చెప్పనక్కరలేదు. కాలువలు పూడికతీయుట, గట్లు వేయుట గ్రామస్థులందరును కలిసి చేయు కుడిమరామతు ఆచారము చెన్నపురి రాజధానిలో చిరకాలముండెను. ఆ ఆచారమును నిలుపుటకు 1858లో శాసనము చేయవలసివచ్చెను. పనికి రాని ఒక్కనిని ఉపేక్షించినచో మరునాడు పదిమంది మానుదురు; పరస్పర సహాయమునకు మొదటి శత్రువు ఈ గుణమే. స్పెయినులోని వలెన్సియా నగరమున దేవాలయ ద్వారముకడ ప్రతి గురువారమును రైతులెన్నుకొన్న నీటిపంచాయతి నేటికిని సమావేశమై, వ్రాతకోతలు లేకయే తగవులు తీర్చుచున్నది. దానికి శతాబ్దుల చరిత్ర కలదు. ఇట్టివానిని పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రం 2009లో నోబెల్ బహుమతి పొందినది. సామాన్యజనులు ఉమ్మడి సంపదను తామే కాపాడుకొనగలరని ఆమె చూపినది. ఇది అరాజకవాదులకు ప్రీతికరము. కాని అట్టి కట్టుబాట్లు నిలిచినచోట్ల తప్పు చేసినవానికి క్రమక్రమముగా పెరుగు శిక్షలుండెననియు, ఆ సంఘముల హక్కును పై ప్రభుత్వము గుర్తించుట అవసరమనియు ఆమెయే చెప్పినది.

ఒక చెరువున ఎగువరైతును దిగువరైతును ఒకరినొకరు ఎరుగుదురు. ఒకే గుడికి పోవుదురు. ఒకరి పెండ్లికి మరియొకరు వత్తురు. కృష్ణానది మాట యేమి? మహాబలేశ్వరముకడ పుట్టిన నీటికి హంసలదీవికడ నున్న రైతు ముఖమెరుగని వాటాదారు. 1969లో ఏర్పడిన న్యాయమండలి 1973లో మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.లుగా నీటిని పంచెను. ఆ తీర్పుపై అసంతృప్తులు లేకపోలేదు. 2014లో రాష్ట్రము రెండైన పిదప తగవు మరల రగిలినది. అయినను ఆ తగవు నడచునది న్యాయమండలి యెదుట, కాగితముల మీద. అట్టి పీఠమే లేనిచో అది కాలువగట్లపైన కర్రలతో తేలవలసివచ్చును. ముఖముఖాలు ఎరిగిన గ్రామమునకు చాలిన స్నేహధర్మము నదీపరీవాహమంతటికిని చాలదు.

భూదానోద్యమము దీనికి మరియొక దృష్టాంతము. 1951 ఏప్రిలు 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేని హరిజనులు ఎనుబది యెకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరు యెకరములు ఇచ్చెదనని లేచి నిలిచిరి. వినోబాభావే అది మొదలు దేశమంతట నడచి, నలువది లక్షల యెకరములకు మించి దానము పొందిరి. బలాత్కారము లేక, శాసనము లేక, ప్రేమచేతనే భూసమస్య తీరవలెనని, క్రమముగా శాసనముక్తమగు సంఘము ఏర్పడవలెనని ఆయన ఆశయము. ఆ దానము లోకచరిత్రలో అపూర్వము. దానిని చిన్నచేసి మాటలాడుట పాపము. కాని కోరినది ఐదుకోట్ల యెకరములు. వచ్చినదానిలో కొంత సేద్యమునకు పనికిరానిది, కొంత వ్యాజ్యములలోనున్నది, కొంత పంపకమే కాలేదు. ఇచ్చిన భూమి పుచ్చుకొన్నవానికి చేరుటకు కొలత, పట్టా, దస్తావేజు కావలసెను. దానికై రాష్ట్రములు శాసనములు చేసెను; ఆంధ్రప్రదేశమున 1965లో భూదాన గ్రామదాన శాసనము వచ్చెను. శాసనమునకు అతీతమైన దానము కూడ శాసనము లేనిదే దక్కలేదు! ప్రేమ భూమిని ఇప్పింపగలదు. దాత మరణించిన పిమ్మట ఆతని వారసునినుండి దానిని కాపాడునది మాత్రము పట్టాయే.

చివర చెప్పవలసినది అన్నిటికంటె గట్టి సంగతి. మన గ్రామము పైన రాజ్యము లేకున్నచో గ్రామమున నెవరు పాలింతురు? ఎవరును పాలింపరని అరాజకవాది సమాధానము. మన అనుభవము వేరు. సంఖ్యయు, భూమియు, కులబలమును గలవారు పాలింతురు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో డాక్టరు అంబేద్కరు, పల్లెను సంకుచితత్వమునకును అజ్ఞానమునకును నిలయముగా వర్ణించినప్పుడు పలువురు సభ్యులు నొచ్చుకొనిరి. కాని ఊరిబావిలో చేద వేయనీయబడని కుటుంబమునుండి వచ్చినవానికి ఊరి యేకాభిప్రాయమనగా నేమో తెలియును. ఊరంతయు ఏకమై చేసిన అన్యాయమునకు ఊరిలో అప్పీలు లేదు. అస్పృశ్యత నేరమని పలికినది గ్రామము కాదు, రాజ్యాంగము. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఘోరములు రాజ్యముండగనే జరిగినవి కదా యని అడుగవచ్చును. జరిగినవి, అది రాజ్యమునకు కళంకమే. అయినను బాధితులకు మొరపెట్టుకొనుటకు న్యాయస్థానమొకటి యుండెను. దేశమునకు చాటుటకు పత్రికలుండెను. 1989లో అత్యాచార నిరోధక శాసనము వచ్చెను. రాజ్యము తన ధర్మమును తప్పినప్పుడు నీవు తప్పితివని నిలదీయుటకు ఒక కొలమానముండెను. రాజ్యమే లేనిచోట నిలదీయుట యెవరిని?

ప్రజాప్రభుత్వము పరిశుద్ధమని మేమనుట లేదు. కంచెయే చేను మేయుట మనము ఎరుగుదుము. కాని దాని విశేషగుణము మంచివారిని ఎన్నుకొనుట కాదు, చెడ్డవారిని రక్తపాతము లేకుండ తొలగించుట. 1975 జూన్ 25న అత్యవసరపరిస్థితి విధింపబడి నాయకులు చెరసాలల పాలైరి, పత్రికల నోరు మూయబడెను. 1977 మార్చిలో ఆ ప్రభుత్వమునే ప్రజలు ఓట్లతో దింపివేసిరి. ప్రజలకు జవాబుదారియగు ప్రభుత్వమును, స్వేచ్ఛగల పత్రికలును ఉన్న దేశమున మహాక్షామము రాలేదని అమర్త్యసేన్ చూపిన సత్యమును 1943తో పోల్చి చూడుడు. నేటి అల్పసంఖ్యాకులు రేపు అధికసంఖ్యాకులు కావచ్చును. ఆ ఆశయే తుపాకిని దింపించును. సర్వసమ్మతి కోరు సంఘమున ఒక్క మొండివాడు అందరిని ఆపును, లేదా అందరును కలిసి ఆ ఒక్కని నోరు నొక్కుదురు. ఓటింపు ఈ రెంటికిని నడిమి మార్గము.

ఐనచో అరాజకవాదమునుండి మనము నేర్వవలసినది లేదా? కలదు. గ్రామము చేసికొనగల పనిని రాజధాని చేయరాదని అది బోధించుచున్నది. 1993 ఏప్రిలు 24న అమలునకు వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగసవరణము గ్రామసభకు స్థానమిచ్చినది. 1997నాటి శాసనముచే ఆంధ్రప్రదేశమున పదివేలకు పైగా నీటివినియోగదారుల సంఘములు ఏర్పడినవి. ఇవి స్వచ్ఛంద సహకారమునకును శాసనమునకును నడుమ వేసిన వంతెనలు. కాని గ్రామసభకు ఎందరు పోవుచున్నారు? పంచాయతి లెక్కలను చదివినవారెందరు? కాలువ పూడికకు పెట్టిన ఖర్చును అడిగిన ఆయకట్టుదారులెందరు? ప్రభుత్వమును ఇంటికూర్చుండి నిందించువారిలో సగముమంది ఈ ప్రశ్నకు తలవంచవలసివచ్చును. తానే చేసికొనగల పనిని కూడ ప్రభుత్వమునకు విడిచిపెట్టిన ప్రజ, ప్రభుత్వము పెరిగిపోయినదని మొరపెట్టుట న్యాయము కాదు.

ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకొనువాడు వివేకి కాడు. ఎలుకలున్నవని యెరిగియు కలుగులు పూడ్చక నిద్రించువాడును వివేకి కాడు. రాజు లేని ధర్మయుగమును భీష్ముడు వర్ణించుటతో ఆగలేదు. పిదప మోహము ప్రజలనావరించి ధర్మము సడలినందున దండనీతి అవసరమయ్యెననియు చెప్పెను. ఆ మోహము మననుండి తొలగినదని ఎవరు ప్రమాణము చేయగలరు? తొలగునంతవరకు దండము ఉండక తప్పదు. కాని దానిని పట్టిన చేయి మన అదుపులోనుండవలెను. ఐదేండ్లకొకసారి మాత్రమే కాక ప్రతిదినమును ఉండవలెను. రాబోవు గ్రామసభకు పోయి మన ఊరి లెక్కను మనమే అడుగుట ఆ అదుపునకు మొదటి మెట్టు.